విండ్ టన్నెల్‌లో చిన్న కారు: అపోహలు - వాస్తవాలు

అపోహ: విండ్ టన్నెల్‌లో, అంటే గాలిని వేగంగా పంపి పరీక్షించే సొరంగంలో, పెట్టే నమూనా కారు పొడవు అసలు కారులో నాలుగో వంతు ఉంటే, గాలి వేగం కూడా నాలుగో వంతు చాలు.

వాస్తవం: లెక్క సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంటుంది. గాలి కారు చుట్టూ ఎలా మళ్లుతుందో, ఎక్కడ ఉపరితలాన్ని విడిచిపోతుందో నిర్ణయించడంలో ప్రధాన పాత్ర రేనాల్డ్స్ సంఖ్యది. వేగాన్ని పొడవుతో గుణించి, గాలి స్నిగ్ధతకు (జిగటకు) సంబంధించిన విలువతో భాగిస్తే ఆ సంఖ్య వస్తుంది కాబట్టి, పొడవు ఎంత తగ్గితే వేగం అంత పెరగాలి. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారుకు నాలుగో వంతు నమూనా సాటి రావాలంటే గాలిని 400 కిలోమీటర్ల వేగంతో పంపాలి. అది ధ్వని వేగంలో దాదాపు మూడో వంతు. అక్కడ గాలి సాంద్రతలో వచ్చే మార్పులను విస్మరించడానికి వీలుండదు. ఒక పోలికను కాపాడబోయి ఇంకొకదాన్ని పోగొట్టుకుంటామన్నమాట. ఫార్ములా వన్ జట్లకూ ఈ చిక్కు తప్పదు: నిబంధనల ప్రకారం నమూనా 60 శాతానికి, గాలి వేగం సెకనుకు 50 మీటర్లకు మించకూడదు. ఆ రెండు హద్దులనూ అందుకున్నా, వచ్చే రేనాల్డ్స్ సంఖ్య అసలు కారు గంటకు 108 కిలోమీటర్ల వేగంతో వెళ్లినప్పటిదే. ట్రాక్ మీద ఆ కారు 300 దాటుతుంది.

ఈ లోటును కొంతవరకు పూడ్చడానికి నమూనా ముందు అంచుల దగ్గర సన్నని గరుకు పట్టీలు అతికించి, ఉపరితలాన్ని అంటిపెట్టుకుని సాగే గాలి పొరను, అసలు కారు మీద లాగే, ముందుగానే అల్లకల్లోల ప్రవాహంగా మారుస్తాము. పట్టీ మరీ పలచనైతే పొర మారదు, మందమైతే కొలిచిన డ్రాగ్‌లో (కారును వెనక్కి లాగే గాలి నిరోధంలో) పట్టీ వాటా కూడా కలిసిపోతుంది. చూడటానికి చిల్లర పనిలా ఉండే ఈ అతికింపు మీదే చాలా ఫలితాల విలువ ఆధారపడి ఉంటుంది.

అపోహ: నమూనా చిన్నది కనుక దాని మీద పడే బలమూ చిన్నదే.

వాస్తవం: పైన చెప్పిన 400 కిలోమీటర్ల గాలిలో విస్తీర్ణం 16వ వంతుకు తగ్గినా వేగం వర్గం 16 రెట్లు పెరుగుతుంది కాబట్టి, నమూనాను పట్టి ఉంచే కడ్డీ దాదాపు అసలు కారు మీద పడేంత బలాన్నే మోయాలి.

అపోహ: కారు కదిలినా గాలి కదిలినా ఒకటే కదా, నమూనాను నేల మీద నిలిపి గాలి వదిలితే సరిపోతుంది.

వాస్తవం: కారుకూ గాలికీ మధ్య ఆ మాట నిజమే, నేల విషయంలో కాదు. గాలి లేని రోజున రోడ్డుకూ గాలికీ మధ్య కదలిక ఉండదు. టన్నెల్‌లో మాత్రం నిలిచిన నేలను రాసుకుంటూ పోయే గాలి నెమ్మదించి, ఒక మందమైన పొరగా కారు కిందికి చేరుతుంది. అందుకే నమూనా కింద గాలి వేగంతోనే పరుగెత్తే బెల్టును అమర్చి, దాని ముందు ఆ నెమ్మదించిన పొరను పీల్చేస్తారు. చక్రాలను కూడా తిప్పుతారు. నేలకు ఆనుకుని పరుగెత్తే రేసు కారుకు ఈ ఏర్పాటు లేకుండా తీసిన డౌన్‌ఫోర్స్ (కారును నేలకేసి నొక్కే గాలి బలం) లెక్కను నేనైతే నమ్మను.

అపోహ: టన్నెల్ చెప్పిన డ్రాగ్ గుణకమే (ఆకారం వల్ల గాలి నిరోధం ఎంతో చెప్పే అంకె) కారు అసలు గుణకం.

వాస్తవం: 1984లో అహ్మద్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 1,044 మిల్లీమీటర్ల పొడవున్న, కారును తలపించే సాదా దిమ్మపై వెనుక వాలును మార్చి చూసినప్పుడు, వాలు 30 డిగ్రీల దగ్గరకు వచ్చేసరికి డ్రాగ్ గరిష్ఠానికి చేరి, అది దాటగానే ఒక్కసారిగా పడిపోయింది. అలాంటి అంచు మీద ఉన్న డిజైన్ నమూనాలో ఒక వైపు, రోడ్డు మీద మరో వైపు తేలే ప్రమాదం ఉంది. కాబట్టి ఒంటరి అంకె కన్నా, ఒకే నమూనా మీద ఒకే పూటలో కొలిచిన రెండు ఆకారాల తేడాకే మేము ఎక్కువ విలువ ఇస్తాము. పూట ముగిసే ముందు మొదటి ఆకారాన్ని మళ్లీ బిగించి కొలుస్తాము. ఆ రెండు కొలతలు కలవకపోతే మధ్యలో తీసినవన్నీ పక్కన పెట్టాల్సిందే.