ఒక చెంచా తోడు

"ఆసుపత్రుల్లో మంచాలు చాలడం లేదు, పరిశోధనలకు డబ్బు పెట్టడం మన రాష్ట్రానికి అవసరమా?" అని ఒక పాఠకురాలు అడిగారు. న్యాయమైన ప్రశ్న. జవాబు హైదరాబాదులోనే ఉంది.

1990ల మొదట్లో, కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-బి జబ్బుకు టీకా విదేశాల నుంచి వచ్చేది. డోసు వందల రూపాయలు, మనిషికి మూడు డోసులు. వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ 1997లో సొంత టీకాను డోసు 50 రూపాయల ధరకు తెచ్చింది. ధర సంగతి అందరూ చెబుతారు. నాకు ఇష్టమైనది అది తయారయ్యే తీరు.

మన ఒళ్లు వైరస్‌ను గుర్తుపట్టడానికి దాని పైపొరలోని ఒక్క ప్రొటీన్ చాలు. ఆ ప్రొటీన్ జన్యువును పికియా అనే ఈస్ట్‌లో పెడతారు. పికియాకు ఒక వింత గుణం ఉంది, మిథనాల్ అనే ఆల్కహాల్ తిని బతకగలదు. గ్లిజరాల్ లాంటి మంచి తిండి దొరికినంతసేపు మిథనాల్‌ను జీర్ణం చేసే జన్యువు నిద్రపోతుంది. ఆ తిండి అయిపోయి మిథనాల్ తగిలిందా, ఒక్కసారిగా లేచి ఎంజైమ్‌ను కుప్పలుగా చేస్తుంది. ఆ జన్యువు ముందుండే స్విచ్‌ను, అంటే ఏఓఎక్స్1 ప్రమోటర్‌ను, టీకా జన్యువు ముందు అతికిస్తారు. ముందు గ్లిజరాల్‌తో ఈస్ట్‌ను చిక్కగా పెంచి, తర్వాత మిథనాల్ అందిస్తే, ఎంజైమ్‌తో పాటు టీకా ప్రొటీన్ కూడా కుప్పలుగా వస్తుంది. ఆ ముక్కలు చివరికి 22 నానోమీటర్ల ఉండలు కడతాయి. వాటిలో వైరస్ జన్యుపదార్థం ఉండదు. టీకాతో జబ్బే ఎక్కిస్తారని భయపడేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల కోసం ఇదంతా బడిలో బోర్డు మీద బొమ్మ గీసి చూపించాలి.

ఇంతకీ శాంతా కంపెనీ మొదట పనిచేసింది ఉస్మానియా విశ్వవిద్యాలయం ల్యాబులో, తర్వాత జీవశాస్త్ర పరిశోధనా సంస్థ సీసీఎంబీలో. రెండూ ప్రజల డబ్బుతో నడిచేవే. పాలకు తోడు వేయడమంటే ఇదే. చెంచాడు తోడుతో గిన్నెడు పెరుగు. కానీ పాలు గోరువెచ్చగా ఉండాలి, రాత్రంతా కదపకూడదు, పొద్దున మళ్లీ ఒక చెంచా చేమిరి దాచాలి. ప్రొఫెసర్ పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంచడమంటే ఆ చెంచా కూడా తినేయడమే.

తోడు గిన్నె దాటి కూడా పోతుంది. 1961లో పుట్టిన ప్రభుత్వ మందుల తయారీ సంస్థ ఐడీపీఎల్ చివరికి ఖాయిలా పడింది. అయినా అక్కడ పని నేర్చిన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ మందుల కంపెనీ పెట్టారు.

ఇంకోటి, తోడు పక్కింటి నుంచి కూడా తెచ్చుకోవచ్చు. పసిపిల్లల విరేచనాలకు అడ్డుకట్ట వేసే రోటావాక్ టీకాలోని వైరస్ రకం ఢిల్లీ ఎయిమ్స్‌లో, నవజాత శిశువుల్లో దొరికింది. కేంద్రం డబ్బు పెట్టింది. తయారైంది మాత్రం హైదరాబాదు శివార్లలో, తుర్కపల్లి దగ్గరి జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్‌లో. అక్కడ పాలు అప్పటికే వెచ్చగా ఉన్నాయి: చదివిన పిల్లలు, సూక్ష్మజీవులను పెంచే పెద్ద తొట్లు (ఫెర్మెంటర్లు), వాటిని నడిపిన అనుభవం. అందుకే తోడు ఢిల్లీదైనా జీతాలు తుర్కపల్లిలో అందుతున్నాయి.