టైఫాయిడ్, సెఫ్ మందులు, రెండు హైదరాబాద్‌లు

టైఫాయిడ్ అని తేలి, రోజూ సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజెక్షన్ పడుతున్నా మూడో రోజు రాత్రి మళ్లీ 103 జ్వరం వచ్చిందనుకోండి, ఇంటిల్లిపాదికీ టెన్షన్ మొదలవుతుంది. "మందు పనిచేయట్లేదు, వేరే డాక్టర్ దగ్గరికి పోదాం" అని ఎవరో ఒకరు అంటారు. అక్కడ ఇంకో యాంటీబయాటిక్ వచ్చి చేరుతుంది. నిజానికి సరైన మందు పడినా టైఫాయిడ్ జ్వరం దిగడానికి 4 నుంచి 7 రోజులు పట్టడం మామూలే. టైఫాయిడ్ బ్యాక్టీరియా మన తెల్లరక్తకణాల లోపలే దాక్కుని బతుకుతుంది. సెఫ్‌ట్రయాక్సోన్ లాంటి సెఫలోస్పోరిన్లు (వాడుకలో సెఫ్ మందులు) రక్తంలో బాగానే తిరుగుతాయి గానీ కణాల లోపలికి అంతగా చొరబడవు. అందుకే ఆలస్యం. జ్వరం తగ్గాక కూడా కోర్సు కొనసాగించేది, మొత్తం 10 నుంచి 14 రోజులు వాడమనేది ఇందుకే.

ఈ మందుల కథ టైఫాయిడ్‌తోనే మొదలైంది. ఇటలీలోని సార్డీనియా దీవిలో కాల్యరి అనే ఊరుంది. రెండో ప్రపంచయుద్ధం ముగుస్తున్న రోజుల్లో అక్కడ టైఫాయిడ్ ఎక్కువ. యూనివర్సిటీలో పనిచేసే జుసెప్పే బ్రోట్సు, ఊరి మురుగు సముద్రంలో కలిసే చోట నీళ్లు తమంతట తామే శుభ్రపడుతున్నాయేమోనని అనుమానించాడు. 1945లో ఆ మురుగునీటి నుంచి ఒక బూజును వేరుచేశాడు. దాని రసం టైఫాయిడ్ బ్యాక్టీరియాను చంపుతోంది. శుద్ధి చేసే సౌకర్యం లేక, ఆ ముతక రసాన్నే రోగుల మీద ప్రయోగించాడు. ఈ రోజు ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు లెండి. 1948లో ఫలితాలను ఒక స్థానిక పత్రికలో అచ్చువేస్తే పట్టించుకున్నవాళ్లు లేరు. ఒక బ్రిటిష్ ఆరోగ్యాధికారి ద్వారా ఆ బూజు పెన్సిలిన్‌ను వాడదగ్గ మందుగా మలిచిన ఆక్స్‌ఫర్డ్‌లోని హోవర్డ్ ఫ్లోరీ బృందానికి చేరింది.

అక్కడ ఎడ్వర్డ్ అబ్రహాం, గై న్యూటన్ ఆ రసాన్ని విడగొట్టి చూస్తే తమాషా బయటపడింది. టైఫాయిడ్ మీద బ్రోట్సు చూసిన ప్రభావం చాలావరకు ఒక రకం పెన్సిలిన్‌ది! అసలు నిధి దాని పక్కనే కొద్దిగా ఉన్న సెఫలోస్పోరిన్ సి. చూడ్డానికి బలహీనమే. కానీ పెన్సిలిన్‌ను ముక్కలు చేసే బ్యాక్టీరియా ఎంజైము దీన్ని ఏమీ చేయలేకపోయింది. దానికి రసాయన మార్పులు చేసి తయారుచేసిన మొదటి మందులు 1964లో మార్కెట్‌కి వచ్చాయి. పేటెంట్ ద్వారా వచ్చిన సొమ్ములో ఎక్కువ భాగాన్ని అబ్రహాం పరిశోధన నిధులకే ఇచ్చేశాడు.

బ్యాక్టీరియా చుట్టూ గట్టి కణకవచం ఉంటుంది. లోపలి ఒత్తిడికి పగిలిపోకుండా కాపాడేది అదే. ఆ కవచంలోని పోగుల్ని ఒకదానితో ఒకటి ముడివేసే ఎంజైములకు సెఫలోస్పోరిన్ అణువు అతుక్కుని, వాటిని పనికిరాకుండా చేస్తుంది. పెరగబోయిన బ్యాక్టీరియా చిట్లిపోతుంది. మన కణాలకు ఈ కవచమే లేదు కాబట్టి మనకు హాని తక్కువ. వైరస్‌లకూ కవచం లేదు. కాబట్టి జలుబు, ఫ్లూ, డెంగ్యూ జ్వరాలకు సెఫిక్సిమ్ అనే సెఫ్ మాత్ర మింగినా ఒరిగేదేమీ లేదు. వైరల్ జ్వరం ఎలాగూ కొన్ని రోజుల్లో తనే తగ్గుతుంది. ఆ పేరు మాత్రం మాత్రకు పోతుంది.

ఈ మందుల్ని తరాలుగా విడదీశారు. సెఫలెక్సిన్ మొదటి తరం, సెఫ్యూరాక్సిమ్ రెండోది, సెఫిక్సిమ్, సెఫ్‌ట్రయాక్సోన్ మూడోది, సెఫెపిమ్ నాలుగోది. ఆ తర్వాతివీ ఉన్నాయి. జనరేషన్ అనగానే సెల్‌ఫోన్లలా కొత్తదైతే గొప్పదనుకుంటాం. ఇక్కడ అలా కాదు. చర్మం మీద చీముగడ్డలకు కారణమయ్యే స్టాఫిలోకాకస్ మీద పాత సెఫలెక్సిన్ బాగా పనిచేస్తుంది, సెఫిక్సిమ్ దాదాపు పనిచేయదు. కాలి మీద పుండుకి "పవర్ ఉన్న మాత్ర ఇవ్వండి" అని మందుల షాపులో అడిగి సెఫిక్సిమ్ తెచ్చుకుంటే డబ్బు దండగ.

ఎలర్జీ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పెన్సిలిన్ పడనివాళ్లలో నూటికి పదిమందికి సెఫ్ మందులూ పడవని చాలాకాలం పుస్తకాల్లో రాశారు. తొలినాటి సెఫ్ మందుల్లో పెన్సిలిన్ అవశేషాలు కలిసి ఉండడం ఆ లెక్క పెరగడానికి ఒక కారణం. ఇప్పటి అంచనా నూటికి ఒకరిద్దరే. అణువులో ఒక పక్కన వేలాడే గొలుసు రెండు మందుల్లో ఒకేలా ఉంటేనే ప్రమాదం ఎక్కువ. అమాక్సిసిలిన్, సెఫాడ్రాక్సిల్ అలాంటి జంట. అందుకే "నాకు పెన్సిలిన్ పడదు" అని మాత్రమే కాదు, ఏ మందు, వేసుకున్న ఎంతసేపటికి ఏమైంది, దద్దుర్లేనా, ఊపిరి ఆడకపోవడం జరిగిందా అన్నీ డాక్టర్‌కి చెప్పాలి.

సెఫ్‌ట్రయాక్సోన్‌కి కాల్షియంతో పడదు. రెండూ కలిస్తే గడ్డకట్టి తెల్లని మడ్డి ఏర్పడుతుంది. పసికందుల్లో ఇది ప్రాణాలే తీసింది. ఆర్‌ఎల్ సెలైన్‌లో కాల్షియం ఉంటుంది కాబట్టి ఈ మందును ఆ సీసాలో కలపకూడదు. పచ్చకామెర్లున్న నవజాత శిశువులకూ ఇది వాడరు. కండకు ఇచ్చేటప్పుడు నొప్పి తెలియకుండా లిగ్నోకైన్‌తో కలుపుతారు. అలా కలిపినదాన్ని నరానికి ఎక్కిస్తే గుండె లయ తప్పవచ్చు. ఇంటికొచ్చి ఇంజెక్షన్లు చేసే ఆర్‌ఎంపీ చేతిలో సెఫ్‌ట్రయాక్సోన్ వయల్ చూస్తే నాకు భయం వేసేది ఇందుకే. కిడ్నీ జబ్బున్నవాళ్లలో సెఫెపిమ్ మోతాదు తగ్గించకపోతే తికమక, ఫిట్స్ రావచ్చు. సెఫ్యూరాక్సిమ్, సెఫ్‌పోడాక్సిమ్ మాత్రలు అన్నం తిన్నాక వేసుకుంటే ఒంటికి బాగా పడతాయి. మందు వాడుతుండగా గానీ, ఆపేసిన కొన్ని వారాలకు గానీ నీళ్ల విరేచనాలు పట్టుకుంటే సొంతంగా మాత్ర వేసుకోకుండా డాక్టర్‌కి చూపించాలి.

మూడో తరం సెఫ్ మందులు మన దేశంలో 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 జాబితాలో ఉన్నాయి. చీటీ లేకుండా అమ్మకూడదు, రోగి పేరు, డాక్టర్ పేరు రిజిస్టర్‌లో రాసుకోవాలి. మీ వీధి చివర షాపులో ఆ రిజిస్టర్ ఎప్పుడైనా చూశారా?

ఈ మందుల్ని ముక్కలు చేసే సీటీఎక్స్-ఎం-15 అనే ఎంజైమును తొలిసారి గుర్తించింది 1999లో న్యూఢిల్లీలో సేకరించిన బ్యాక్టీరియాలో. దాని జన్యువు ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి పాకగలదు. ఇప్పుడు మన ఆసుపత్రుల్లో దొరికే ఈ.కోలై అనే పేగు బ్యాక్టీరియాలో సగానికి పైగా మూడో తరం సెఫ్ మందులకు లొంగవు. టైఫాయిడ్ బ్యాక్టీరియా మాత్రం చాలాకాలం లొంగే ఉంది. 2016 చివర్లో పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రంలో, హైదరాబాద్ అనే ఊళ్లోనే, సెఫ్‌ట్రయాక్సోన్‌కి లొంగని టైఫాయిడ్ పెద్దఎత్తున మొదలైంది. అందులోనూ ఇదే జన్యువు దొరికింది. పాత మందులు అప్పటికే పనిచేయడం మానేశాయి. నోటి మాత్రల్లో అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. తాగునీటి గొట్టాల్లోకి మురుగు చేరడమే వ్యాప్తికి దారి ఇచ్చింది.

అక్కడ పిల్లలకు వేసిన టీకా మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన టైప్‌బార్ టీసీవీ. 2019లో పాకిస్తాన్ టైఫాయిడ్ కాంజుగేట్ టీకాను పిల్లల సాధారణ టీకాల్లో చేర్చింది, ప్రపంచంలో ఆ పని చేసిన మొదటి దేశం అదే. మన దగ్గర పిల్లల డాక్టర్లు 6 నెలలు నిండినవాళ్లకు ఇస్తున్నారు.

భారతదేశంలో చాలావరకు టైఫాయిడ్‌కి సెఫ్‌ట్రయాక్సోన్ ఇంకా పనిచేస్తోంది. మీకొచ్చింది లొంగే రకమో కాదో వైడల్ టెస్ట్ చెప్పదు. ఎప్పుడో సోకి తగ్గిపోయినా అది పాజిటివ్ చూపించవచ్చు. చెప్పగలిగేది బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష. అదీ మొదటి డోసు పడకముందే రక్తం తీస్తే ఫలితం నమ్మదగ్గదిగా ఉంటుంది.