ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎంత దూరం?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు విమానంలో ఎంత దూరమని అడిగారు. ఒక్క అంకె చెప్పి ఊరుకోవచ్చు గానీ, దీనికి మూడు జవాబులున్నాయి. మూడూ సరైనవే.

మొదటిది సుమారు 12,400 కిలోమీటర్లు. దీన్ని గోడమీది మ్యాపులో కొలవకండి. గుండ్రటి భూమిని కాగితం మీద చదునుగా పరిస్తే ధ్రువాల దగ్గరి నేల సాగిపోతుంది. కొన్ని మ్యాపుల్లో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనబడేది అందుకే. నిజానికి ఆఫ్రికా దానికి దాదాపు పద్నాలుగు రెట్లు! గ్లోబు తీసుకుని, దారం ఒక కొస ఢిల్లీ మీద నొక్కిపట్టి, రెండో కొస శాన్‌ఫ్రాన్సిస్కోకు బిగించి లాగండి. అది ఉత్తరానికి ఎక్కి, రష్యా దాటి, ఆర్కిటిక్ సముద్రం, అలాస్కాల మీదుగా కిందికి దిగుతుంది. దగ్గరి దారి అదే.

రెండోది 13,900. ఎయిరిండియా 2015 డిసెంబరులో ఈ సర్వీసు మొదలుపెట్టినప్పుడు అట్లాంటిక్ మీదుగా వెళ్లిన దూరం ఇది. మూడోది 15,300. 2016 అక్టోబరులో అదే విమానాన్ని తూర్పుకు తిప్పి పసిఫిక్ మీదుగా పంపారు. 1,400 కిలోమీటర్లు ఎక్కువ తిరిగినా పద్నాలుగున్నర గంటల్లో చేరింది. పాత దారి కంటే దాదాపు రెండు గంటలు తక్కువ!

ఎదురుగాలిలో సైకిల్ తొక్కినవాళ్లకు ఈ రహస్యం తెలుసు. నేలకు పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి వీస్తుంటుంది. చలికాలంలో అది గంటకు 200 కిలోమీటర్లు దాటడం మామూలే. 1920లలో వాసబురో ఓయిషి అనే జపాన్ శాస్త్రవేత్త బెలూన్లు ఎగరేసి దీన్ని కొలిచాడు. ప్రపంచమంతా చదవాలని తన నివేదికను, అన్ని దేశాలవాళ్లకూ ఉమ్మడిగా ఉండాలని కల్పించిన ఎస్పెరాంతో అనే భాషలో రాశాడు పాపం, బయటి దేశాల్లో పెద్దగా ఎవరూ చదవలేదు. 1944లో జపాన్ మీదికి వచ్చిన అమెరికా బాంబర్లు ఆ గాలికి చిక్కాక గానీ దాని బలం వాళ్లకు తెలిసిరాలేదు.

తిరుగు ప్రయాణంలో అట్లాంటిక్ మీదుగా వస్తే అప్పుడూ గాలి వెనకనుంచే తోస్తుంది. అంటే పసిఫిక్ మీదుగా వెళ్లి అట్లాంటిక్ మీదుగా వచ్చినవాళ్లు భూప్రదక్షిణ చేసినట్టే. వినాయకుడిలా అమ్మానాన్నల చుట్టూ తిరిగి కాదు, నిజంగానే!

గాలి ఒక్కటే కాదు, దేశాల తగవులూ దూరాన్ని పెంచుతాయి. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేసింది. ఢిల్లీ నుంచి పడమరకు పోయేవి చుట్టు తిరగాల్సి వచ్చింది.

ఇక హైదరాబాద్ నుంచి చికాగో ఎంతో మీరే కొలవండి. భూమధ్యరేఖ చుట్టూ దారం చుడితే ఆ పొడవు 40,000 కిలోమీటర్లని లెక్క. దాన్నిబట్టి చూస్తే జవాబు 13,300కు దగ్గరగా రావాలి. బాగా ఎక్కువొస్తే దారం వదులుగా పట్టారన్నమాట.

మీ తాతయ్య