ఒకటో తరగతి టీచరు డిగ్రీ చదివితే ఎక్కడికి వెళ్తుంది?

డీఎస్సీ, అంటే ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష, పడుతుందన్న మాట గుప్పుమనగానే విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దుకాణాలకు గిరాకీ పెరుగుతుంది. ఎవరొచ్చినా దుకాణదారు ముందు అడిగేది ఒకటే: "ఎస్జీటీకా అమ్మా, స్కూల్ అసిస్టెంట్‌కా?" జవాబును బట్టి ఆయన చెయ్యి ఒక దొంతర మీదికో ఇంకో దొంతర మీదికో వెళ్తుంది. ఇటు దొంతరలో ప్రైమరీ టీచర్ల డిప్లొమా అయిన డీఈడీ పుస్తకాలు, అటు దొంతరలో హైస్కూలు టీచర్ల డిగ్రీ అయిన బీఈడీ పుస్తకాలు. రెండూ కావాలని అడిగేవాళ్లూ ఉండేవాళ్లు, 2023 దాకా.

స్కూల్ అసిస్టెంట్ అంటే హైస్కూల్లో సబ్జెక్టు చెప్పే టీచరు. ఎస్జీటీ అంటే సెకండరీ గ్రేడ్ టీచర్. ఒకటి నుంచి ఐదు తరగతులకు చెప్పే మనిషి పేరులో 'సెకండరీ' ఎందుకుందో కొత్తగా వినేవాళ్లకు అర్థం కాదు. అది ఆ టీచరు చెప్పే తరగతికి పెట్టిన పేరు కాదు, చదివిన చదువుకు పెట్టిన పేరు. మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు ఎనిమిదో తరగతితో ఆపి ట్రైనింగ్ అయినవాళ్లు హయ్యర్ గ్రేడ్, ఎస్సెల్సీ (హైస్కూలు ఆఖరి పరీక్ష) దాకా చదివి ట్రైనింగ్ అయినవాళ్లు సెకండరీ గ్రేడ్. డిగ్రీ మీద ఎల్.టి. అనే టీచర్ ట్రైనింగ్, ఆ తర్వాతి కాలంలో బీఈడీ చేసినవాళ్లు హైస్కూలుకు. అంటే పిల్లవాడి వయసెంతో పంతులుగారి చదువూ అంత. చిన్న పిల్లలకు చిన్న చదువు చాలనుకున్నారు. కొలమానం పోయింది కానీ పేరు ఇప్పటికీ నోటిఫికేషన్లలో నడుస్తూనే ఉంది.

గుంటూరు జిల్లాలో పాతతరం టీచర్లను అడిగితే తమ చదువును టీటీసీ (పాత టీచర్ ట్రైనింగ్ కోర్సు) అనే చెబుతారు. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత జిల్లాకో డైట్, అంటే ప్రైమరీ టీచర్లకు శిక్షణ ఇచ్చే ప్రభుత్వ సంస్థ, వచ్చింది. గుంటూరు జిల్లాకు బోయపాలెంలో, కృష్ణా జిల్లాకు గుడ్లవల్లేరు దగ్గర అంగలూరులో. బోయపాలెం 2022 జిల్లాల విభజనతో పల్నాడులోకి పోయినా 'గుంటూరు డైట్' అనే మాట ఇంకా జనం నోట్లోంచి పోలేదు. టీటీసీ పోయి డీఈడీ వచ్చింది, ఆ తర్వాత అది డీఎల్ఈడీ అయింది. ఎన్ని పేర్లు మారినా డిప్లొమా డిప్లొమాగానే ఉంది. అది యూనివర్సిటీ గడప ఎక్కలేదు.

మరి డిగ్రీ సంగతి? ఇక్కడి ఎస్జీటీల్లో డిగ్రీ ఉన్నవాళ్లకు కొదవ లేదు. విజయవాడ, గుంటూరు మధ్య 1976 నుంచి ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం ఉంది. 1982లో ఓపెన్ యూనివర్సిటీ వచ్చాక ఉద్యోగం చేసుకుంటూనే డిగ్రీ చదవడం మామూలైపోయింది. ఎంతోమంది ప్రైమరీ టీచర్లు సాయంత్రాలూ సెలవులూ పెట్టి బీఏలు, బీఎస్సీలు, ఆ పైన బీఈడీలు పూర్తి చేశారు. ఎందుకు? స్కూల్ అసిస్టెంట్‌గా ప్రమోషన్ రావాలంటే డిగ్రీ, బీఈడీ కావాలి గనుక. ప్రమోషన్ వస్తే హైస్కూలుకు పోవాలి. ఒకటో తరగతి టీచరు కష్టపడి పట్టా తెచ్చుకుంటే ఆ పట్టా ఆమెను ఒకటో తరగతి నుంచే బయటికి తీసుకుపోతుంది. మన దగ్గర ఈ వ్యవహారమంతా ఇక్కడే చిక్కుపడిందని నాకనిపిస్తుంది. టీచర్లను తప్పుపట్టడానికేమీ లేదు. జీతం, హోదా అటువైపే ఉన్నాయి, ఎవరైనా అటే నడుస్తారు.

ఇంకోవైపు, ఆ హైస్కూలు పోస్టులు దొరకని బీఈడీలు కిందికి చూడడం మొదలుపెట్టారు. ఏటా వేలల్లో బీఈడీలు బయటికి వస్తుంటే స్కూల్ అసిస్టెంట్ పోస్టులు చాలవు. ఎస్జీటీకి కూడా మమ్మల్ని రానివ్వండి అన్నారు. రానిచ్చారు. అప్పుడు డీఈడీలు తమ పోస్టులు పోతున్నాయని గోల పెట్టారు. 2008 డీఎస్సీలో ఎస్జీటీ పోస్టుల్లో 30 శాతం డీఈడీలకు కేటాయించడంతో, జాబితాలో ఉన్నామనుకున్న బీఈడీలు చాలామంది ఉద్యోగం పోగొట్టుకున్నారు. వాళ్ల పోరాటం పదమూడేళ్లు సాగింది. 2021లో 2,193 మందికి కాంట్రాక్టు మీద, మినిమం టైమ్ స్కేలుతో (ఆ పోస్టుకుండే కనీస జీతంతో) ఎస్జీటీ పోస్టులివ్వడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. ఇన్నేళ్ల గొడవలో అందరూ పోస్టుల లెక్కే మాట్లాడారు. ఆరేళ్ల పిల్లకు చెప్పడానికి ఏం చదివి ఉండాలన్నది ఎవరూ ఎత్తలేదు.

ఆ ప్రశ్న ఎత్తింది విద్యాహక్కు చట్టం. అది 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 23న టీచర్ల చదువును చూసే జాతీయ మండలి ఎన్‌సీటీఈ అర్హతలు ప్రకటించింది. ఒకటి నుంచి ఐదుకు ఇంటర్‌లో 50 శాతం మార్కులు, రెండేళ్ల డిప్లొమా, లేదా నాలుగేళ్ల ఎలిమెంటరీ డిగ్రీ. వీటితో పాటు టీచర్ల అర్హత పరీక్ష టెట్ తప్పనిసరి. బీఈడీలకు 2012 జనవరి 1 వరకే, అదీ ఆరు నెలల ప్రత్యేక శిక్షణ షరతుతో. తలుపు మూసుకుందనుకుంటే 2018 జూన్ 28న అదే ఎన్‌సీటీఈ మళ్లీ తెరిచింది. బీఈడీలను ప్రైమరీకి తీసుకోవచ్చు, ఉద్యోగంలో చేరాక రెండేళ్లలో ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేస్తే చాలు అంది. మన 2018 డీఎస్సీకి అలాగే బీఈడీలు వచ్చారు. రాజస్థాన్‌లో మాత్రం విషయం కోర్టుకెక్కింది. అక్కడి హైకోర్టు ఆ నోటిఫికేషన్ కొట్టేసింది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు కూడా బీఈడీ ప్రైమరీకి అర్హత కాదని తేల్చేసింది. చదువు హక్కంటే నాణ్యమైన చదువు హక్కు అని, చిన్నపిల్లలకు చెప్పే శిక్షణ డిప్లొమాలో ఉంది, బీఈడీలో లేదని దాని సారాంశం. తీర్పు వచ్చిన తర్వాత కూడా 2024 ఫిబ్రవరిలో మన రాష్ట్రం ఎస్జీటీకి బీఈడీలను పిలిచింది. హైకోర్టు అడ్డుపడింది. 2025 ఏప్రిల్‌లో వచ్చిన మెగా డీఎస్సీ 16,347 పోస్టుల్లో ఆరు వేలకు పైగా ఎస్జీటీవి. వాటికి ఇక బీఈడీలు లేరు.

కోర్టు చెప్పిన తేడా కాగితం మీది తేడాలా కనపడుతుంది కానీ, రెండో తరగతి గదిలో కూర్చుంటే కళ్లకు కడుతుంది. 42 లోంచి 17 తియ్యమంటే పిల్ల 35 అని రాస్తుంది. పెద్దదాంట్లోంచి చిన్నది తియ్యాలని నేర్చుకుంది కదా, ఏడులోంచి రెండు తీసేసింది. ఆ పిల్ల లెక్కలో తర్కం లేదనలేం. లెక్కల్లో ఎమ్మెస్సీ చేసిన మనిషి కూడా "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో" అని చెప్పి తప్పుకోవచ్చు. పక్కింటివాళ్లు పది ఎందుకిచ్చారో పిల్లకు తెలియదు, తిరిగి ఎప్పుడివ్వాలో అంతకన్నా తెలియదు. ప్రాక్టీసుకొచ్చిన డైట్ ట్రైనీ అయితే కొబ్బరి పుల్లలు తెస్తుంది. పదేసి కట్టలు నాలుగు, విడిగా రెండు. "ఏడు తియ్యమ్మా" అంటే పిల్ల కాసేపు తడుముకుని ఒక కట్టకున్న రబ్బర్ బ్యాండ్ లాగేస్తుంది. పుల్లలు నేల మీద చెల్లాచెదురవుతాయి. అప్పుగా వచ్చిన పది ఎక్కడిదో అప్పుడు కంటికి కనపడుతుంది. అన్ని డీఈడీ కాలేజీలూ ఇలాగే నేర్పాయని అనను. ఒకప్పుడు సందుకొకటిగా పుట్టిన ప్రైవేటు కాలేజీల్లో కొన్ని రికార్డులు రాయించి సంతకాలు పెట్టించి పంపిన సంగతి అందరికీ తెలిసిందే. వాటిలో చాలావాటికి ఇప్పుడు తాళాలు పడ్డాయి.

ఈలోగా ఇంకో విచిత్రం. 2022లో 117 జీఓ కింద మూడు, నాలుగు, ఐదు తరగతులను దగ్గర్లోని హైస్కూళ్లలో కలిపారు. ఆ పిల్లలకు సబ్జెక్టు టీచర్లు, అంటే బీఈడీ చేసిన స్కూల్ అసిస్టెంట్లు పాఠాలు చెప్పారు. దానివల్ల చదువు బాగుపడుతుందని ఒక వాదన. మూడో తరగతి పిల్లకు బీఈడీ పనికిరాదని 2023లో కోర్టు అన్నప్పుడు మన దగ్గర నడుస్తున్నది ఇది. 2025లో ఆ జీఓను పక్కనపెట్టారు.

అదే ఏడాది సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. రిటైర్మెంటుకు ఇంకా అయిదేళ్లకు మించి సర్వీసు మిగిలి ఉండి, టెట్ లేని టీచర్లంతా రెండేళ్లలో టెట్ పాసవ్వాలి. పాతికేళ్లుగా అక్షరాలు దిద్దిస్తున్న టీచర్లు మళ్లీ ప్రాక్టీసు బిట్లు ముందేసుకుని కూర్చున్నారు. వాళ్ల టెన్షన్ వేరే రాయాల్సిన కథ.

చిన్నపిల్లలకు చెప్పడానికే ఒక డిగ్రీ ఉండాలన్న ఆలోచన నిజానికి పాతదే. 1983లో వేసిన ఛటోపాధ్యాయ కమిషన్ ఇంటర్ తర్వాత నాలుగేళ్ల శిక్షణ కావాలంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1994లో బీఎల్ఈడీ పేరుతో దాన్ని చేసి చూపించింది. మన యూనివర్సిటీల్లో మాత్రం ఎడ్యుకేషన్ విభాగమంటే బీఈడీ, ఎమ్ఈడీ అనే లెక్క సాగింది. 2020 జాతీయ విద్యా విధానం 2030 నాటికి టీచరుకు కనీస అర్హత నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ డిగ్రీ అంది. ఇందులో హైస్కూలుకే కాదు, అంగన్‌వాడీ వయసు నుంచి రెండో తరగతి దాకా ఒక విభాగం, మూడు నుంచి ఐదు దాకా ఇంకో విభాగం ఉన్నాయి. ఐటెప్ అంటున్న ఈ కోర్సు 2023-24లో కొన్ని సంస్థల్లో మొదలైంది. తిరుపతి సంస్కృత విశ్వవిద్యాలయం అందులో ఉంది.

కాబట్టి ఇంటర్ అయిన గుంటూరు అమ్మాయి ప్రైమరీ టీచరు కావాలనుకుంటే ఇప్పుడు రెండు దరఖాస్తులు ఉన్నాయి. డీసెట్ రాస్తే రెండేళ్ల డిప్లొమా, ఇంటికి దగ్గర. ఎన్‌సెట్ రాస్తే నాలుగేళ్ల డిగ్రీ, తిరుపతో ఇంకెక్కడో, హాస్టల్ ఖర్చుతో. రెంటికీ చివర రాయాల్సింది అదే టెట్, అదే డీఎస్సీ, వచ్చేది అదే ఎస్జీటీ పోస్టు, అదే జీతం. ఇంట్లో పెద్దవాళ్లు ఏది రాయమంటారో వేరే చెప్పక్కర్లేదు. ఐటెప్ మొదటి బ్యాచ్ 2027లో బయటికి వస్తుంది.