కోళ్ల దాణాలో వాము: ఒక హైడ్రాక్సిల్ సమూహం చేసే పని

దాణాలో యాంటీబయాటిక్‌కు బదులు వాము, వెల్లుల్లి, పసుపు కలిపితే సరిపోదా అన్న ప్రశ్న కోళ్ల రైతుల నుంచి ఈ మధ్య తరచుగా వినిపిస్తోంది. కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను తట్టుకునే శక్తినిచ్చే ఎంసీఆర్-1 జన్యువు ఒక బ్యాక్టీరియా నుంచి మరొకదానికి సులువుగా పాకుతుందని 2015లో చైనా శాస్త్రవేత్తలు బయటపెట్టారు. 2019 జులైలో మన కేంద్ర ప్రభుత్వం ఆహారం కోసం పెంచే జంతువులకు ఆ మందును నిషేధించింది. ఐరోపా సమాఖ్య అయితే పెరుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్‌లు కలపడాన్ని 2006 జనవరి 1 నుంచే పూర్తిగా ఆపివేసింది. గుడ్ల ఉత్పత్తిలో దేశంలోనే ముందున్న ఆంధ్రప్రదేశ్‌లో ఈ ప్రశ్న పుట్టకపోతేనే ఆశ్చర్యపడాలి.

అసలు దాణాలో యాంటీబయాటిక్ కలిపే ఈ అలవాటు మొదలైన చోట ఒక తెలుగువాడి నీడ కనిపిస్తుంది. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను బెంజమిన్ డగ్గర్ వెలికితీసినప్పుడు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధన విభాగానికి అధిపతి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మందు తయారీలో మిగిలిన పిప్పిలో బి12 విటమిన్ ఉంటుందని అదే సంస్థలోని స్టోక్‌స్టాడ్, జూక్స్ దానిని కోడిపిల్లలకు మేపారు. విటమిన్‌తో రావలసిన దానికంటే పిల్లలు ఎక్కువగా పెరగడంతో, పిప్పిలో మిగిలిపోయిన యాంటీబయాటిక్ అందుకు కారణమని తేలింది. ఆ ఫలితాన్ని 1950లో ప్రకటించారు. అప్పటికి సుబ్బారావు మరణించి రెండేళ్లు కావస్తోంది.

ఇక వాము సంగతి. వాము గింజల్లో సుమారు రెండు నుంచి నాలుగు శాతం సుగంధ తైలం ఉంటుంది. ఆ తైలంలో ఇంచుమించు సగం థైమాల్, మిగిలిన దానిలో ఎక్కువ భాగం పారా-సైమీన్, గామా-టెర్పినీన్. ఐరోపాలో దాణా కంపెనీలు వాడే ఒరెగానో ఆకులో ఉండే కార్వక్రాల్, మన థైమాల్ ఒకే అణుసూత్రం గల జంట అణువులు. రెండింటిలోనూ ఆరు కార్బన్ పరమాణువుల బెంజీన్ వలయానికి ఒక హైడ్రాక్సిల్ సమూహం, అంటే ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ జంట, అతుక్కొని ఉంటుంది. అది అతుక్కున్న చోటు మాత్రమే వేరు. బ్యాక్టీరియాను చంపే పని ఆ సమూహానిదే.

అదెలాగో తెలియాలంటే బ్యాక్టీరియాను ఒక చెరువుగా ఊహించుకోవాలి. బ్యాక్టీరియా తన పొరకు బయటి వైపుకు ప్రోటాన్లను, అంటే ధనావేశమున్న హైడ్రోజన్ అయాన్లను, తోడిపోస్తుంది. అవి నీటిలా నిలువ ఉంటాయి. పొర చెరువు కట్ట. కట్టలో ఏటీపీ సింథేజ్ అనే తూము ఉంది, దాని లోపల తిరిగే చక్రం ఉంది. ప్రోటాన్లు ఆ తూము గుండా లోపలికి దూకినప్పుడల్లా చక్రం తిరిగి కణానికి ఇంధనమైన ఏటీపీ తయారవుతుంది. ఈ ఊహను 1961లో పీటర్ మిచెల్ ప్రతిపాదించాడు. 1978లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడు కట్టకు ఎండ్రకాయలు బొరియలు పెట్టాయనుకోండి. నీరు తూముకు రాకుండానే పల్లానికి కారిపోతుంది, చక్రం ఆగిపోతుంది. థైమాల్ అటువంటి ఎండ్రకాయ. అది కొవ్వులో కరిగేది కనుక పొరలోకి దిగిపోతుంది; బయట హైడ్రాక్సిల్‌తో ఒక ప్రోటాన్‌ను పట్టుకొని, లోపల వదిలిపెట్టి, తిరుగు ప్రయాణంలో పొటాషియం అయాన్‌ను బయటకు మోసుకుపోతుందని పరిశోధకుల వివరణ. అంటే ఈ ఎండ్రకాయ బొరియ తవ్వడమే కాక నీటిని కూడా తానే మోస్తుంది. కోడి పేగులో ఆక్సిజన్ దాదాపు ఉండదు; అక్కడి బ్యాక్టీరియాలో చాలా వరకు ఏటీపీని ఖర్చు పెట్టి, చక్రాన్ని వెనక్కి తిప్పి, నీటిని ఎదురెక్కిస్తుంటాయి. అటువంటి చెరువుకు బొరియ పడితే ఎంత తోడినా నిలవదు, ఖర్చు మాత్రం పెరుగుతూ పోతుంది.

ఈ వివరణకు బలం చేకూర్చిన ప్రయోగం 2002లో నెదర్లాండ్స్‌లో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా మీద జరిగింది. హైడ్రాక్సిల్ లేని పారా-సైమీన్ పొరను ఉబ్బిస్తుంది కాని బ్యాక్టీరియాను చంపలేదు. హైడ్రాక్సిల్ ఉన్నా బెంజీన్ వలయం లేని మెంథాల్ ప్రోటాన్‌ను సులభంగా వదలలేదు కనుక కార్వక్రాల్ కంటే చాలా బలహీనంగా పనిచేసింది. మరో విశేషం: పారా-సైమీన్ పొరను ఉబ్బించడం వల్ల కార్వక్రాల్‌కు లోపలికి దారి సులువవుతుంది. అందుకే శుద్ధి చేసిన ఒక్క అణువు కంటే మొత్తం తైలం మెరుగ్గా పనిచేయడంలో వింత లేదు.

అయితే గాజు పాత్రలో జరిగిందంతా పేగులో జరగదు. ప్రయోగశాలలో ఇ. కోలై అనే పేగు బ్యాక్టీరియా పెరుగుదలను ఆపాలంటే లీటరుకు వందల మిల్లీగ్రాముల థైమాల్ కావాలి. చాలా యాంటీబయాటిక్‌లకు ఒకటి రెండు మిల్లీగ్రాములు, అంతకంటే తక్కువైనా చాలు. కిలో వాములో దాదాపు 15 గ్రాముల థైమాల్ ఉంటుందనుకుంటే, టన్ను దాణాకు 100 గ్రాములు అందించడానికి ఆరేడు కిలోల వాము పడుతుంది. అదీ చంపే మోతాదుకు తక్కువే. మోతాదు పెంచితే మేత తగ్గవచ్చు. పైగా దాణాలోని కొవ్వు, ప్రోటీన్ థైమాల్‌ను పట్టి ఉంచుతాయి. ‘ప్రకృతి సిద్ధమైనది కనుక ఎంత వేసినా హాని లేదు’ అనుకోవడం, షెడ్డు గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టి టీకా మానేయడం ఒకే జాతి నమ్మకాలు. థైమాల్ మొక్కకు తన శత్రువుల మీద ఆయుధం. అది మన మేలు కోరి తయారు చేసింది కాదు. కొక్కెర తెగులు వైరస్ వల్ల వచ్చేది కనుక అక్కడ యాంటీబయాటిక్ పనిచేయనట్లే వాము కూడా టీకాకు సాటి రాదు.

ఇంతకంటే పెద్ద అడ్డంకి మరొకటుంది. పందిపిల్లల మీద చేసిన ప్రయోగాల్లో థైమాల్, కార్వక్రాల్ జీర్ణాశయంలోనూ చిన్నపేగు మొదటి భాగంలోనూ దాదాపు పూర్తిగా రక్తంలోకి ఇంకిపోయాయి. కోడిలో సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ అనే బ్యాక్టీరియా తిష్ఠ వేసేది పేగు చివరి వైపు ఉండే సీకాలు అనే జంట సంచుల్లో. అక్కడికి అణువు చేరాలంటే దానికి గట్టి కొవ్వు పూత పెట్టాలి. పేగులో లైపేజ్ ఎంజైమ్ ఆ పూతను కొద్దికొద్దిగా కరిగిస్తుంటే థైమాల్ దారి పొడవునా విడుదలవుతుంది. నూరి కలిపిన వాముకు, పూత పెట్టిన థైమాల్‌కు ఫలితాల్లో తేడా రావడానికి ఇదొక ముఖ్య కారణం.

రక్తంలోకి వెళ్లిన థైమాల్ అక్కడైనా పనిచేస్తుందా అంటే, అదీ లేదు. శరీరం దానిని వదిలించుకోవడానికి సల్ఫేట్‌నో గ్లూకురోనిక్ ఆమ్లాన్నో సరిగ్గా ఆ హైడ్రాక్సిల్ సమూహానికే తగిలిస్తుంది. ప్రోటాన్‌ను మోసే చెయ్యి కట్టుబడిపోతుంది. అణువు నీటిలో కరిగి విసర్జనతో బయటకు పోతుంది. కాబట్టి పేగు గోడ దాటి కాలేయానికో గుండె పొరకో పాకిన ఇ. కోలై మీద వాము ప్రభావం ఉండదు. ఆ దశలో పశువైద్యుడు పరీక్ష చేయించి ఎంచిన యాంటీబయాటిక్ ఇవ్వాలి, మందు ఆపిన తరువాత నిర్ణీత గడువు గడిచే వరకు ఆ కోళ్లను, గుడ్లను అమ్మకుండా ఉంచాలి.