ట్యాంకు నిండుగా ఉంది, రేడియేటర్ ఎండిపోయింది

"కూలెంట్ నిండుగానే ఉందన్నా, రోజూ చూస్తున్నాను." కూలెంట్ అంటే ఇంజిన్ వేడిని మోసుకెళ్లి రేడియేటర్‌లో చల్లారే ద్రవం. అది లేక బైకు మాడిపోయి, ఇంజిన్ పైభాగమైన హెడ్ విప్పి బల్ల మీద పెట్టాక యజమానులు నాతో చెప్పే మొదటి మాట చాలాసార్లు ఇదే. వాళ్లు అబద్ధమాడడం లేదు. నిజంగానే చూస్తున్నారు. చూసే చోటు ఒకటి, చూడవలసిన చోటు ఇంకొకటి.

అపోహ: రిజర్వ్ ట్యాంకులో (మిగులు కూలెంట్ చేరే చిన్న డబ్బాలో) మట్టం రెండు గీతల మధ్య ఉంటే రేడియేటర్ కూడా నిండుగా ఉన్నట్టే.

వాస్తవం: ఉండవచ్చు, చుక్క కూడా లేకపోవచ్చు. ఇది తెలియక ఇంజిన్లు పోగొట్టుకున్నవారిని ఇంతమందిని చూశాక, ఇక దీన్ని నెమ్మదిగా చెప్పే ఓపిక నాకు లేదు.

రేడియేటర్ మూత అడుగున రెండు వాల్వులుంటాయి. ఇంజిన్ వేడెక్కితే కూలెంట్ వ్యాకోచిస్తుంది. ఒత్తిడి మూత మీద ముద్రించిన అంకెను దాటగానే (చాలా బండ్లకు అది 1.1 బార్ దగ్గర ఉంటుంది) పెద్ద వాల్వు లేచి, సన్న గొట్టం గుండా కొంత కూలెంట్‌ను రిజర్వ్ ట్యాంకులోకి వదులుతుంది. బండి చల్లారాక లోపల ఉన్నది కుంచించుకుపోతుంది. అప్పుడు చిన్న వాల్వు తెరుచుకుని, వెళ్లినదాన్ని వెనక్కి పీల్చుకుంటుంది. వెళ్లడానికి ఒత్తిడి తోడుంది కాబట్టి ఆ దారి సాధారణంగా చెడదు. చెడేది తిరుగుదారి. మూత రబ్బరు గట్టిపడినా, సన్న గొట్టం బీటలు వారినా, వాటర్ పంపు సీలు దగ్గర కాస్త కారుతున్నా, కూలెంట్ రావలసిన చోటికి గాలి వస్తుంది. ప్రతి ప్రయాణంలో కొంత బయటికి పోతుంది, తిరిగి రాదు. రేడియేటర్ తరిగిపోతుంటే ట్యాంకు మాత్రం నిండుతూ ఉంటుంది.

ఆ మధ్య ఒక కుర్రవాడు బండిని తోసుకుంటూ వచ్చాడు. ఎంత జాగ్రత్తపరుడంటే, ట్యాంకు మట్టం చూడడానికని సీటు కింద చిన్న టార్చి లైటు పెట్టుకున్నాడు. నెలల తరబడి మట్టం వెంట్రుకవాసి కూడా తగ్గలేదని గర్వంగా చెప్పాడు. మూత తీసి వేలు పెడితే తడి తగల్లేదు. హెడ్ వంగింది, దాని కింద సీలులా ఉండే గ్యాస్కెట్ కాలింది. ఇంతకీ కారణం ఆ సన్న గొట్టం చివర కంటికి ఆనని బీట. మొత్తం బండిలో అంతకంటే చవకైన భాగం వెతికినా దొరకదు. తగ్గలేదని అతను మురిసిపోయిన మట్టమే అసలు లక్షణమని ఎలా చెప్పాలో ఆ క్షణాన నాకు తోచలేదు. సక్రమంగా పనిచేసే బండిలో ఆ మట్టం వేడికి కాస్త పెరుగుతుంది, చల్లారాక మళ్లీ దిగుతుంది. వేడిగా ఉన్నా చల్లగా ఉన్నా ఒకేచోట నిలిచిపోయినా, వారం వారం పైకే పోతున్నా అనుమానించండి.

"మరి మీటర్ ఎందుకు చెప్పలేదు?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. ఉష్ణోగ్రత సెన్సారు కొన కూలెంట్‌లో మునిగి ఉంటేనే సరిగ్గా చెప్పగలదు. చుట్టూ గాలి చేరితే, ఇంజిన్ మాడిపోతున్నా తక్కువ అంకె చూపవచ్చు, లేదా ముల్లు పిచ్చిపట్టినట్టు ఊగవచ్చు.

అందుకే నెలకోసారి, రాత్రంతా నిలిపి ఉంచిన బండిని నిటారుగా పెట్టి, అసలు మూత తీసి చూడండి. కూలెంట్ మెడ దాకా కనబడాలి. చల్లారిందని ఖాయమైతేనే సుమా. పై గొట్టాన్ని నొక్కితే మెత్తగా ఉండాలి, గట్టిగా ఉంటే మూత జోలికి పోవద్దు. ఒత్తిడి కింద కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత వదులు కాగానే ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి ఎగుస్తుంది. నా కుడి ముంజేతి మీద మచ్చ ఈ తొందరపాటు జ్ఞాపకమే.

అపోహ: మెడ దాకా పోసి మూత బిగిస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: పని నేర్చుకునే రోజుల్లో నేనూ ఇలాగే బిగించి పంపాను. సాయంత్రానికి బండి పొగలు కక్కుతూ తిరిగొచ్చింది. గొట్టాల్లో గాలి చిక్కుకుంటే పంపు తిరుగుతున్నా కూలెంట్ కదలదు. సన్నటి ధారగా పోయండి. గాలి వదిలే బ్లీడ్ స్క్రూ ఉంటే వదులు చేసి, బుడగలు లేని ధార వచ్చాక బిగించండి. మూత తీసే ఉంచి ఇంజిన్‌ను కొన్ని నిమిషాలు నడపండి, మధ్యలో యాక్సిలరేటర్ కొద్దికొద్దిగా తిప్పండి, గొట్టాలు నొక్కండి, బండిని అటూ ఇటూ వంచండి. మట్టం దిగినప్పుడల్లా పోయండి. పాతది వదలడానికి విప్పిన డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్ వేయడం మరిచిపోవద్దు.

ఇక రోజూ వినే మిగతావి. రేసు బండ్లలో నీళ్లే పోస్తారట, మనకెందుకు కూలెంట్ అంటారు. కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ ట్రాక్ మీద ఒలికితే వెనక వచ్చేవాడు జారిపడతాడని అక్కడి నిబంధన అది. వాళ్లు ఎప్పటికప్పుడు మారుస్తారు, మీరు రెండేళ్లు అలాగే వదిలేస్తారు. కుళాయి నీటిలోని లవణాలు సన్నటి రేడియేటర్ దారుల్లో పేరుకుంటాయి, లోపల తుప్పు మొదలవుతుంది. చిక్కటి కూలెంట్‌ను నీళ్లు కలపకుండా పోస్తే ఇంకా మంచిదనేది దీనికి వ్యతిరేక దిక్కులో అంతే తప్పు. వేడిని మోయడంలో నీటి ముందు గ్లైకాల్ దిగదుడుపే, అందుకే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలుపుతారు. రంగు చూసి కొనకండి, అది ఒట్టి రంగే. తయారీదారు సిలికేట్ లేనిది పోయమంటే అదే పోయండి. రేడియేటర్ ఫ్యాను తిరిగితే బండి చెడినట్టు కాదు.

పంపు కింద చిన్న రంధ్రం నుంచి కారుతోందని ఎవరో దానికి బంక పెట్టి మూసేసిన బండి కూడా వచ్చింది! సీలు పోయిందని చెప్పడానికే ఆ రంధ్రం పెట్టారు. అది మూస్తే కూలెంట్ ఆయిల్‌లోకి దారి వెతుక్కుంటుంది, ఆయిల్ పాలలా మారుతుంది.

పాత కూలెంట్‌ను నేల మీద వదలకండి. తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలూ పిల్లులూ నాకుతాయి, అది వాటికి ప్రాణాంతకం. పిల్లలకు కూడా.

దారి మధ్యలో హెచ్చరిక దీపం వెలిగి, చేతిలో నీళ్ల సీసా తప్ప ఏమీ లేక, పోస్తే ఇంజిన్ పాడవుతుందేమోనని వణికిపోతూ ఫోన్ చేసేవారుంటారు. ఇంజిన్ ఆపండి, గంటైనా సరే పూర్తిగా చల్లారనివ్వండి, ఆ నీళ్లే పోయండి. ఇంటికి చేరాక లోపలున్నదంతా బయటికి తీసేసి సరైనది నింపుకోవచ్చు. నింపిన తర్వాత ఒకటి రెండు రోజులు మట్టం కాస్త దిగితే కంగారు పడకండి, మిగిలిన గాలి బయటికి పోతోంది. మూడో వారంలోనూ దిగుతుంటే మాత్రం బండి తీసుకుని రండి. మూత, ఆ సన్న గొట్టం, పంపు కింద రంధ్రం, ఈ వరుసలో చూద్దాం.