కుంటే ఇంజను గురించి మనవలకు ఉత్తరం

హనుమకొండ

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాత ఆశీస్సులు.

వేసవి సెలవుల్లో వెనకగది బల్ల మీద నడిపి చూపించిన చిన్న ఇంజను, పెద్ద చక్రం ఒక చుట్టు తిరిగేలోపు రెండుసార్లు తడబడుతున్నదని మీలో అందరికన్నా చిన్నవాడు కనిపెట్టి, "తాతా, ఇది కుంటుతున్నదేంది?" అని అడిగాడు. అవ్వ అన్నానికి పిలిచిందన్న వంకతో ఆ పూట నేను జవాబు దాటవేశాను. అసలు కారణం అన్నం కాదు, ఆ కుంటుకు కారణం నా చేతి తప్పే కావడం. ఆ తప్పు ఎక్కడ జరిగిందో మీకు అర్థం కావాలంటే ఇంజను ఎలా తయారైందో కొంత చెప్పాలి.

ముందు కొలతల సంగతి. ఈ ఇంజనును అడుగుకు 4 మిల్లీమీటర్ల లెక్కన, అంటే అసలు ఇంజనులో 76.2వ వంతుగా చేశాను. మన బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య దూరం ఐదున్నర అడుగులు కాబట్టి, నాలుగుతో గుణిస్తే 22 మిల్లీమీటర్లు వస్తుంది. అయితే ఇదే లెక్కన చేసి దుకాణాల్లో అమ్మే బొమ్మ రైళ్లు 16.5 మిల్లీమీటర్ల పట్టాల మీద నడుస్తాయి. దానికి ఒక కథ ఉంది. బ్రిటన్‌లో అసలు పట్టాల మధ్య దూరం 4 అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు, అది ఈ లెక్కన 18.83 మిల్లీమీటర్లు కావాలి. కానీ అక్కడి ఇంజన్లు ఒళ్లు చిన్నవి కావడంతో ఆనాటి మోటార్లు వాటి నమూనాల లోపల పట్టక, అప్పటికే వాడుకలో ఉన్న 16.5 పట్టాను అలాగే ఉంచి, పై భాగాన్ని మాత్రం కాస్త పెద్దదిగా చేశారు. అందువల్ల ఆ బొమ్మలు పెద్దమనిషికి చిన్నపిల్లవాడి చెప్పులు తొడిగినట్టు ఉంటాయి. దీన్ని సహించలేని కొందరు 1960లలో అక్కడే 18.83 కొలతకు చక్రాలు, పట్టాలు చేసుకోవడం మొదలుపెట్టారు. మన 22 మిల్లీమీటర్లకు తగిన చక్రాలు అమ్మేవారు నాకు దొరకలేదు కనుక చక్రాలతో సహా అన్నీ లేత్ మీద, అంటే లోహాన్ని గిరగిర తిప్పుతూ చెక్కే యంత్రం మీద, నేనే తీయవలసి వచ్చింది.

నేను ఎంచుకున్నది డబ్ల్యూజీ జాతి ఇంజను. ముందు రెండు చిన్న చక్రాలు, నడుమ ఎనిమిది పెద్ద చక్రాలు, వెనక మళ్లీ రెండు చిన్న చక్రాలు ఉండే గూడ్సు ఇంజను అది. బెంగాల్‌లోని చిత్తరంజన్ రైలింజన్ల కార్ఖానా 1950లో మొదటిసారిగా బయటికి పంపినవి ఈ జాతివే. 1970లో అక్కడ తయారైన చివరి బ్రాడ్‌గేజ్ ఆవిరి ఇంజను కూడా ఈ జాతిదే. దానికి 'అంతిమ్ సితారా', అంటే ఆఖరి నక్షత్రం అని పేరు పెట్టారు. మా చిన్నతనంలో కాజీపేట వంతెన మీద నిలబడితే బొగ్గు బండ్లను లాగుతూ కింద నుంచి పోయేవి ఇవే, మా చొక్కాలకు మసి పూసినవీ ఇవే. మా అమ్మకు మాత్రం ఈ జాతి మీద ఏమంత గౌరవం ఉండేది కాదు.

దీని పెద్ద చక్రం వ్యాసం 5 అడుగుల ఒకటిన్నర అంగుళం. మన లెక్కలో 20.5 మిల్లీమీటర్లు, ఇంచుమించు రూపాయి బిళ్లంత. ఉక్కు కడ్డీని లేత్ చక్‌లో, అంటే దాన్ని పట్టుకుని తిప్పే దవడల్లో, బిగించి, ఇరుసు పట్టే నడిమి రంధ్రాన్నీ, పట్టా మీద దొర్లే అంచునూ ఆ ఒక్క బిగింపులోనే తీయాలి. మధ్యలో విప్పి మళ్లీ బిగిస్తే మూడు దవడల చక్ దాన్ని మునుపటి చోటే పట్టుకోదు, రెండు మూడు థౌలు పక్కకు పోతుంది. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. వర్క్‌షాపుల్లో టర్నర్లు మాట్లాడుకునే కొలత అదే. అలా పక్కకు పోయిన చక్రం గుడ్డు దొర్లినట్టు దొర్లుతుంది. దొర్లే అంచు చదునుగా కాక ఇరవైకి ఒకటి వంతున ఏటవాలుగా ఉండాలి. జత చక్రాలు పట్టాల నడిమికి తమంతట తామే సర్దుకోవడానికి ఆ వాలే తోడ్పడుతుంది. చక్రం పట్టా దాటిపోకుండా లోపలివైపు ఉండే ఫ్లాంజి అసలు బండిలో 28.5 మిల్లీమీటర్ల ఎత్తు, నా ఇంజనులో 0.37.

ఈ 0.37 దగ్గరే చిక్కు మొదలవుతుంది. పట్టాలో ఎక్కడైనా అంతకు మించిన ఎగుడుదిగుడు ఉండి, ఒక చక్రం గాలిలోకి లేచిందంటే బండి పట్టా తప్పుతుంది. దుకాణాల బొమ్మలకు ఫ్లాంజి మరీ లోతుగా పెట్టడం ఈ బాధ తప్పించుకోవడానికే. నాలుగు కాళ్ల పీట గచ్చు మీద ఊగుతుంది గానీ ముక్కాలి పీట ఎంత ఎగుడుదిగుడు నేల మీదైనా ఊగదని మీకు తెలుసు. ఇంజనునూ ముక్కాలి పీటగా మార్చాలి. వెనక రెండు ఇరుసుల మీద కుడివైపొకటి, ఎడమవైపొకటి తూగే దూలాలు పెట్టాను, అవి రెండు కాళ్లు. ముందు రెండు ఇరుసుల మీద నడిమధ్య ఒకే దూలం పెట్టాను, అది మూడో కాలు. ఇప్పుడు ఎనిమిది చక్రాలూ ఎప్పుడూ పట్టాను అంటిపెట్టుకునే ఉంటాయి. మోటారుకు కరెంటు కూడా పట్టాల నుంచి చక్రాల గుండానే అందాలి కాబట్టి ఈ ఏర్పాటుతో రెండు పనులు ఒకేసారి అవుతాయి.

ఫ్రేమును జర్మన్ సిల్వర్ రేకుతో చేశాను. దేవుడి గూట్లో అవ్వ పెట్టే కుంకుమ భరిణె లోహమే అది. పేరులో వెండి ఉన్నా లోపల ఉండేవి రాగి, నికెల్, జింకు. కుడి ఫ్రేమును, ఎడమ ఫ్రేమును విడివిడిగా కోయకూడదు. అర మిల్లీమీటరు రేకులు రెండింటిని టంకంతో ఒకదానికొకటి అతికించి, ఒకే రేకు అనుకుని గీసి, కోసి, రంధ్రాలు వేసి, ఆకురాయితో సరిచేసి, చివర వేడిచేసి విడదీస్తే రెండూ అచ్చుగుద్దినట్టు ఉంటాయి. టంకం పనిలో ఇంకొక మెలకువ ఉంది. కరీంనగర్‌లో వెండి తీగల పని చేసేవారు పక్క తీగ కరగకుండా ఈ తీగను ఎలా అతుకుతారో ఎప్పుడైనా దగ్గర కూర్చుని చూడండి. నేను మొదటి అతుకులను 183 డిగ్రీల దగ్గర కరిగే టంకంతోనూ, తర్వాతి వాటిని అంతకన్నా తక్కువ వేడికి కరిగే టంకంతోనూ వేస్తాను. లేకుంటే చిమ్నీ అతికే వేళకు ఆవిరి గుమ్మటం ఊడి ఒళ్లో పడుతుంది. ఒకసారి పడింది కూడా.

ఇక కుంటు సంగతి. ఒక పక్కన ఉన్న నాలుగు పెద్ద చక్రాలను కలిపి తిప్పే కడ్డీలను కప్లింగ్ రాడ్లు అంటారు. అవి చక్రం కేంద్రానికి కాస్త ఎడంగా ఉండే క్రాంక్ పిన్నులకు తగులుకుని ఉంటాయి. అసలు ఇంజనులో పిస్టను 28 అంగుళాలు ముందుకూ వెనక్కూ ఆడుతుంది కాబట్టి పిన్ను కేంద్రం నుంచి 14 అంగుళాల దూరంలో ఉండాలి, అంటే నాకు 4.67 మిల్లీమీటర్లు. సైకిలు పెడలు సరిగ్గా పైకి వచ్చి నిలిచినప్పుడు నిటారుగా ఎంత తొక్కినా సైకిలు కదలదు, చూశారు కదా. ఆవిరి ఇంజనుకూ ఆ ఇబ్బంది ఉంటుంది. అందుకే కుడి పక్క పిన్నుకూ ఎడమ పక్క పిన్నుకూ మధ్య పావు చుట్టు తేడా పెడతారు. ఒక పక్క చిక్కుకున్న క్షణంలో రెండో పక్క లాగుతుంది. నమూనాలో ఆ తేడా కచ్చితంగా 90 డిగ్రీలే ఉండాలని నేను చాలాకాలం అనుకున్నాను. అది పొరపాటు. 88 డిగ్రీలు ఉన్నా ఇంజను హాయిగా నడుస్తుంది, కాకపోతే నాలుగు ఇరుసులకూ అదే 88 ఉండాలి. మూడింటికి 90 ఉండి ఒకదానికి 89 ఉంటే మాత్రం బిగుసుకుంటుంది.

రంధ్రాల మధ్య దూరానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. నేను డ్రాయింగు చూసి, సన్న కొలతలు చూపే వెర్నియరుతో కొలిచి, ఫ్రేములో ఇరుసుల రంధ్రాలు వేశాను. తర్వాత పది రోజులకు అదే డ్రాయింగు చూసి రాడ్లకు రంధ్రాలు వేశాను. విడిగా చూస్తే రెండూ సరిగ్గానే ఉన్నాయి. కానీ మూడో ఇరుసు దగ్గర ఫ్రేముకూ రాడ్డుకూ 0.08 మిల్లీమీటర్లు తేడా వచ్చింది. రాడ్డూ ఇరుసులూ ఒకే గీత మీదకు వచ్చే చోట, ముందు వైపు ఒకసారి, వెనక వైపు ఒకసారి, ఆ తేడా పోవడానికి దారి లేక చక్రం బిగుసుకుంటుంది. మీకు కనబడిన రెండు తడబాట్లు అవే. ముందు రాడ్లు చేసి, వాటి రంధ్రాల్లో సన్న మొనలున్న ఇరుసులు దూర్చి, వాటి ఆధారంగానే ఫ్రేములో ఇరుసుల స్థానాలు నిలపాలన్నది పాతవారి పద్ధతి. అప్పుడు డ్రాయింగు కొలతకు పదో వంతు మిల్లీమీటరు అటూ ఇటూ అయినా పరవాలేదు, రాడ్డూ ఫ్రేమూ ఒక మాట మీద ఉంటాయి. రంధ్రాన్ని కాస్త పెద్దది చేస్తే సరిపోతుంది కదా అంటారేమో. అలా చేస్తే కుంటు పోతుంది గానీ రాడ్డు గలగలమంటుంది, ఆ చప్పుడు నాకు నచ్చదు.

మోటారు గురించి ఒక్క లెక్క ఇస్తాను, మీరే చేసి చూడండి. అసలు బండి గంటకు 70 కిలోమీటర్లు పోతే, ఆ వేగాన్ని 76.2తో భాగించగా నా ఇంజను సెకనుకు సుమారు 255 మిల్లీమీటర్లు పోవాలి. చక్రం చుట్టుకొలత 64.4 మిల్లీమీటర్లు కనుక నిమిషానికి దాదాపు 238 చుట్లు తిరగాలి. నా మోటారు నిమిషానికి 12,000 చుట్లు తిరుగుతుంది. మధ్యలో ఉన్న పళ్ల చక్రాలు ఎంతకు ఒకటిగా తగ్గించాలో మీ జవాబులో రాయండి. బరువు మాత్రం ఇలా భాగించడానికి లొంగదు: పొడుగు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి కనుక 100 టన్నుల ఇంజను ఈ కొలతలో 226 గ్రాములకు దిగిపోతుంది. అందుకే బాయిలరు లోపల సీసం ముక్కలు కుక్కాను.

కొత్త రాడ్ల కోసం రెండు రేకులు అతికించి, గీసి, పంచ్‌తో చుక్కలు పెట్టి ఉంచాను. రంధ్రాలు వేయలేదు, మీ దసరా సెలవుల కోసం ఆపాను. కుంటును కనిపెట్టినవాడే డ్రిల్లు పిడి తిప్పుతాడు, ఒకరు చమురు వేయాలి, ఒకరు టార్చి పట్టాలి. పొడుగు చేతుల చొక్కాలు, దుపట్టాలు ఆ గదిలోకి రాకూడదు; జడలు ముడి వేసుకోవాలి; కళ్లద్దాలు అందరికీ నా దగ్గరే ఉన్నాయి. సద్దుల బతుకమ్మ నాడు మాత్రం వెనకగది తాళం తీయను, ఆ రోజు తంగేడు పూలు తెచ్చే పని ఉంది.

మీ తాత